కొండ వైపు కాళ్లు చాపని సీటు: పాత మెటడార్‌లో తిరుపతి నుంచి పలమనేరుకు

ఏ ఊరు తిరిగొచ్చినా ఇంట్లో అడుగుపెట్టగానే నేను చేసే మొదటి పని కెమెరాలో బొమ్మలు అమ్మకు చూపించడం. కాళహస్తిలో స్వర్ణముఖి ఇసుక మీద ఆరేసిన కలంకారీ గుడ్డలు, తలకోన దారిలో కోతులు, హంపిలో కొనుక్కుని ఆ రోజే పోగొట్టుకున్న టోపీ, అన్నీ ఓపిగ్గా చూసేది. ఈ వేసవిలో ఒక సాయంత్రం మాత్రం సగం చూసి కెమెరాను నా ఒళ్లో పెట్టేసింది. "బొమ్మలు సాల్లేమే. నన్నెప్పుడు పిల్చుకోని పోతావు?" అంది. డిగ్రీ అయినప్పట్నుంచి కాలు ఒకచోట నిలవక తిరుగుతున్న నేను కెమెరా మూత పెట్టేశాను.

మూడేళ్ల కింద బస్సు మెట్టు మీద నుంచి జారి పడినప్పుడు అమ్మ కుడి మోకాలు చితికింది. ఆపరేషన్ అయింది, నొప్పి చాలావరకు తగ్గింది, మోకాలు మాత్రం మళ్లీ మడత పడలేదు. చేతికర్ర పట్టుకుని వంటింట్లోకీ వాకిట్లోకీ బాగానే తిరుగుతుంది. కూర్చుంటేనే చిక్కు. కుడికాలు ఎప్పుడూ ముందుకు చాపే ఉండాలి. బస్సులో రెండు సీట్ల మధ్య ఆ కాలికి చోటు లేదు. ఆటోలో బయటికి వచ్చేస్తుంది. ఒకసారి కారు మాట్లాడుకుని తిరుచానూరు గుడికి తీసుకెళ్లాం. వెనక సీటు మీద అడ్డంగా కూర్చోబెట్టాల్సి వచ్చింది. దిగేటప్పుడు "మూటనేసుకొచ్చినట్ల తెచ్చినారు గదా నన్ను" అంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా గడప దాటలేదు.

ఇంతలో పలమనేరు నుంచి పిన్నమ్మ ఫోను చేసింది. అమ్మకు ఒక్కతే చెల్లెలు. బస్టాండు దగ్గర చిన్న మెస్సు తెరిచిందట, భోజనాలు బాగా పోతున్నాయట. అమ్మ అంతా విని "నేనొచ్చి సూస్తాలే" అంది. అటునుంచి పిన్నమ్మ గొంతు నాకూ వినపడింది. "నువ్వెందుకులే అక్కా, ఆ కాలేసుకోని అగసాట్లు పడేది! మేమే ఒగనాడు వచ్చి నిన్ను సూసిపోతాం." పిన్నమ్మ ప్రేమగానే అంది. అమ్మకు అది ప్రేమగా వినపడలేదు. ఫోను పెట్టేసి "సూసిపోతారంట. నేనేమన్నా ఎగ్జిబిషనా?" అంది. నాయన వైపు తిరిగింది. "ఒగసారి పోదామయ్యా. కుదిరితే సరి. కుదరకపోతే ఇంగ నన్నెవురూ యాడికీ రమ్మనొద్దు." అమ్మ ఇలాంటి మాటలు కోపంలో అనదు. ఆ నిదానమే నన్ను భయపెట్టింది.

మా ఇంటి పక్క రేకుల షెడ్డులో నాయన మెటడార్ వ్యాన్ ఉంది. యాత్రికులను కాణిపాకానికీ కాళహస్తికీ తిప్పి మా ఇంటిని నడిపిన బండి. కొత్త బండ్లు వచ్చాక దాన్ని అడిగేవాళ్లు తగ్గారు, అయిదేళ్లుగా షెడ్డులోనే ఉండిపోయింది. డ్రైవరు సీటు మీద పక్కింటి కోడి గుడ్లు పెట్టేది. నాయన షెడ్డు తలుపు తీసి, ఇంజన్ డబ్బా మూత ఎత్తి చూసి, "దీనికేమైంది, రాయి మాదిరి ఉండాది" అన్నాడు. ఇంజన్ సంగతేమో గానీ, వెనక చక్రాల దగ్గర నేల రేకు చేత్తో ఒత్తితే అప్పడంలా విరిగింది.

పాత బండిని బాగు చేయించాలనుకునేవాళ్లకు నా అనుభవం ఏమిటంటే, ముందు నేల చూసుకోండి, రంగు చివర చూసుకోవచ్చు. మేము తుప్పు పట్టిన రేకంతా కోయించి కొత్తది అతికించాం. దాని మీద ప్లైవుడ్, ఆ పైన రబ్బరు చాప. కిటికీల రబ్బర్లు మార్చాం, బ్రేకులు విప్పించాం, సెల్ఫ్, బ్యాటరీ కొత్తవి వేశాం. అన్నీ కలిపి ఇరవై వేలు దాటింది. బ్రేకులు చివరిదాకా కుదరలేదు కాబట్టి బండి షెడ్డులోంచి కదల్లేదు, పనివాళ్లే వచ్చి పోయేవారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మా కథంతా ఇక్కడే తిరగబడింది.

సీటు పని మస్తాన్ భాయ్‌ది. తిరుపతిలో లారీలకూ బస్సులకూ సీట్లు కుట్టే మనిషి. తుక్కు దుకాణంలో దొరికిన పాత బస్సు సీటు ఫ్రేము తెచ్చి వాకిట్లో పెట్టాడు. "అమ్మా, మీరు కూసోండి, నేను సూస్తా" అన్నాడు. అమ్మ ముభావంగా కూర్చుంది. మామూలు సీటులో కూర్చుంటే చాపిన కాలి తొడ కింద గాలి తప్ప ఏమీ ఉండదు, బరువంతా నడుము మీద పడుతుంది. అందుకని కుడివైపు మాత్రం సీటును జానెడు ముందుకు పొడిగించాం. అడుగున కొబ్బరి పీచు, పైన ఫోము. ఫోము ఒక్కటే వేస్తే కూర్చోగానే కుంగిపోతుంది, లేవడం కష్టం. మడమ కింద మెత్త కుట్టిన పీట, బండి ఊగినప్పుడు పాదం పక్కకు జారకుండా దానికి ఒక బెల్టు. వీపు దగ్గర వాలు ఎక్కువ పెడతానన్నాడు భాయ్. అమ్మ ఒప్పుకోలేదు. "ఆస్పత్రి మంచం మాదిరి చేసినావంటే ఎక్కినదాన్ని ఎక్కినట్లే దిగేస్తా." భాయ్ నవ్వి వాలు తగ్గించాడు. "మీరు దిగేదానికి కాదమ్మా, ఎక్కేదానికి చేస్తా ఉండా ఇది." సీటుకు నాలుగున్నర వేలయింది.

దాన్ని ఎక్కడ, ఎలా బిగించాలన్నది నేనూ నాయనా రెండు రోజులు తర్కించుకున్నాం. మెటడార్‌లో బాగా వెనక కూర్చుంటే గుంతకు గుంత ఎగిరేస్తుంది, ముందుభాగం నయం. కానీ అక్కడ ముఖం ముందుకు పెట్టి కూర్చుంటే చాపిన కాలు డ్రైవరు పక్కనుండే ఇంజన్ డబ్బాకు తగులుతుంది. అందుకని అమ్మ సీటును డ్రైవరు వెనకే, వెనక్కి తిరిగి ఉండేలా బిగించాం. ఆమెకు ఎదురుగా నడిమి సీటులో నేను, మా ఇద్దరి మధ్య ఆమె కాలి పీట. బిగించిన రోజు నుంచీ అమ్మ మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని షెడ్డులోకి వెళ్లి, బండెక్కి కూర్చునేది. కాలు హాయిగా చాపుకుని, కిటికీలోంచి పక్కింటి కరివేపాకు చెట్టును చూసేది. "మే, ఇప్పుడు చంద్రగిరి దాటినాం" అనేది. ఇంకోరోజు "మొగిలి ఘాటెక్కతా ఉండాం, గట్టిగా పట్టుకో" అనేది. మూడేళ్లలో అమ్మ అంత సరదాగా ఉండటం నేను చూడలేదు.

బయలుదేరే ముందురోజు నాయన ఒక్కడే బండిని రేణిగుంట దాకా నడిపి చూసుకున్నాడు. మర్నాడు ఉదయం ఆరున్నరకు మేం ముగ్గురం కదిలాం. తిరుపతి నుంచి చిత్తూరు డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి పలమనేరు నలభై దాటి ఉంటుంది. పాత బండికి తొందర పనికిరాదు గనక సగం రోజు అనుకున్నాం. చంద్రగిరిలో ఆగి ఇడ్లీ తిన్నాం. అమ్మ బండి దిగకుండానే కిటికీలోంచి పొట్లం అందుకుంది. హోటలాయన సాంబారు పోస్తూ సీటు వైపు వింతగా చూశాడు. "ఏమప్పా, సినిమా బండి మాదిరి ఉండాదే!" అన్నాడు. నాయన మీసం సర్దుకున్నాడు.

ఊరు దాటి రోడ్డు చిత్తూరు వైపు తిరిగిన కాసేపటికి అమ్మ కాలి బెల్టు తీసేసింది. ఒళ్లంతా కిటికీ వైపు తిప్పి, కాలును మూలగా గోడకు ఆనించి కూర్చుంది. నడుము మెలిపడింది. "అమ్మా, కాలు చాపు. అందుకేగదా ఇంత చేయించింది" అన్నాను. "ఇట్లనే బాగుండాది." బాగాలేదు. ఒక్కో గుంతకూ ఆమె పై పెదవి మీద చెమట పడుతోంది. ఫోము గట్టిగా ఉందా, మడమ ఒత్తుకుంటోందా అని నేను అడుగుతూనే ఉన్నాను. "గమ్మునుండుమే" అంది. ఇంకో రెండు మైళ్లు పోయాక ఆమె కళ్లలో నీళ్లు తిరగడం చూసి నాయనను పిలిచాను.

నాయన తల పైనున్న అద్దంలోకి చూశాడు. బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కి తిరిగి అమ్మను, ఆమె పాదాన్ని, నా వెనక ఉన్న పెద్ద కిటికీ అద్దాన్ని చూశాడు.

"ఏమే, కొండా?" అన్నాడు.

అమ్మ తలూపింది.

నేను వెనక్కి తిరిగాను. వెనక అద్దం నిండా తిరుమల కొండ. పొద్దుటి ఎండలో రాతి మడతలన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. నేను ముందుకు చూస్తూ కూర్చున్నాను కాబట్టి నాకు తెలియలేదు. అమ్మ చంద్రగిరి నుంచీ దానికి ఎదురుగానే ఉంది, పీట మీద కాలు చాపితే పాదం తిన్నగా దాని వైపే పడుతుంది.

వేరే ఊళ్లవాళ్లకు చెప్పాలి. మాకు కొండ అంటే ఒక్కటే. ఆ వైపు కాళ్లు చాపకూడదన్నది ఎవరో కూర్చోబెట్టి నేర్పేది కాదు. కొత్త ఇంట్లో మంచం వేసేముందు ఎటు తల, ఎటు కాళ్లు అని చూసుకునే ఊరు మాది. షెడ్డులో బండి ముఖం కొండ వైపుండేది, వెనక్కి తిరిగిన సీటులో అమ్మ కాళ్లు దానికి ఎడంగా ఉండేవి. అన్ని రోజులూ హాయిగా టీ తాగింది అందుకే. బయటికొచ్చి చిత్తూరు దారి పట్టగానే అంతా తారుమారయింది. కొలతలన్నీ సరిగ్గా తీసిన నాయన, నేను, మస్తాన్ భాయ్, మా ముగ్గురిలో ఒక్కరికీ ఇది తట్టలేదు.

"ఇంకొంచెం పోతే కనపడదులే అమ్మా" అన్నాను.

"కనపడకపోతే కొండ లేనట్టా? నువ్వు ఊర్లు పట్టుకోని తిరిగేటప్పుడు నాకు కనపడవు. లేనట్టేనా నువ్వు?"

"దేవుడు అర్థం చేసుకుంటాడు గదా..."

"ఆయన చేసుకుంటాడు. నా కాలు చేసుకోదు."

చెరకు ట్రాక్టరొకటి మమ్మల్ని దాటిపోయింది. అమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని "ఇంటికి పోదాం పాండి. సూసినాం గదా, కుదర్లేదు" అంది. ఫోను పెట్టేసిన రోజున్న నిదానమే. ఇంక ఎక్కడికీ రమ్మనొద్దు అన్న మాట మళ్లీ అనలేదు, అనాల్సిన పని లేకపోయింది. నేను నాయన వైపు చూశాను. నాయన స్టీరింగు వైపు చూస్తున్నాడు. బండి స్టార్టు చేసి, ముందుకూ వెనక్కూ తీసి, రోడ్డు మీద అడ్డంగా తిప్పి, తిరుపతి వైపు ముఖం పెట్టాడు.

కొండ ఇప్పుడు నాకు ఎదురుగా వచ్చింది. అమ్మ పెద్దగా ఊపిరి వదిలి, కాలును పీట మీదికి తెచ్చుకుని చాపింది. బెల్టు కూడా తనే పెట్టుకుంది. మెలిపడిన నడుము తిన్నగా అయింది, వీపు మెత్తకు ఆనింది. మస్తాన్ భాయ్ కుట్టిన సీటు ఎంత బాగా కుదిరిందో అప్పుడు చూశాను.

"ఇంటికి పోయేదానికి మాత్రం బలే కుదిరిందిమే" అంది అమ్మ, నవ్వాలో ఏడవాలో తెలియని ముఖంతో.

ఆ మాటతో నాకు వెలిగింది. "నాయనా ఆపు. బండిని తిప్పే బదులు సీటు తిప్పుదాం!"

"ముందర ఇంజన్ డబ్బా ఉండాది గదా పాపా, కాలెట్ల పడతాది?"

"నడిమి సీటు పీకేసి, ఆ జాగాలో అమ్మది పెడితే?"

నాయన మళ్లీ అద్దంలోకి చూశాడు, ఈసారి కొలత కోసం. "రవంత ఎగరేస్తాది" అన్నాడు. "ఎగరనీలే" అంది అమ్మ.

బండి మళ్లీ చిత్తూరు వైపు తిరిగింది. అమ్మ మళ్లీ మెలిపడింది, ఈసారి నేనూ ఆమె పక్కన ఇరుక్కుని నడుముకు నా భుజం ఆనించాను. పూతలపట్టు ఇంకా చాలా దూరముండగా రోడ్డు పక్కన ఒక వెల్డింగు షాపు కనిపించింది. షాపాయన పేరు ఏకాంబరం. మాటలో అరవం కలిసిన చిత్తూరు మనిషి, చెవి మీద పెన్సిలు.

"అన్నా, సీటు తీసి అటుమొగంగా బిగించల్ల" అన్నాడు నాయన.

ఏకాంబరం బండి ఎక్కి బోల్టులు చూశాడు. "కొత్త సీటు, గట్టిగా బిగించినారే. బాగుండేదాన్ని ఎందుకు పీకేది?"

"కొండ పక్క కాళ్లు పడతాండాయి" అంది అమ్మ.

ఆయన ఒక్క ప్రశ్న వేయలేదు. చెవి మీది పెన్సిలు తీసి, చెప్పులు వదిలేసి, ఆ దిక్కుకో దండం పెట్టాడు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. "పని అరగంటలో అయిపోతాది. అయితే కరెంటు పదకొండుకు గానీ రాదు. డ్రిల్లు దాంతోనే."

అలా రెండు గంటలు అక్కడే ఉండిపోయాం. చింతచెట్టు కింద బల్ల వేసి అమ్మను కూర్చోబెట్టబోతే, "కొండ ఎటు పక్క?" అని ఏకాంబరాన్నే అడిగింది. ఆయన చెయ్యి చాపి చూపించాడు. బల్లను ముగ్గురం పట్టి తిప్పాం. కాలు చాపుకున్నాక అమ్మ రోడ్డు చూస్తూ కూర్చుంది. మామిడికాయల లారీలు, బెంగుళూరు బస్సులు, స్కూలు పిల్లల సైకిళ్లు. ఒక్కో బస్సు మీది ఊరి పేరు పైకి చదువుతోంది. "మదనపల్లి. కుప్పం. మే, దీనిమింద ఏముండాది, బిన్నా సెప్పు, పోతాండాది!" నేను ప్రయాణాల్లో చూసేవి ఇవే. వాటిని ఇంత ఆత్రంగా ఎప్పుడు చూశానో గుర్తు రాలేదు.

కరెంటొచ్చింది. నడిమి సీటు విప్పి పైన క్యారియరు మీద కట్టారు. ఆ చోట నేలకు నాలుగు రంధ్రాలు వేసి, అమ్మ సీటును ముఖం ముందుకు పెట్టి బిగించారు. నేను ముందుకు, నాయన పక్కకు మారాను. ఏకాంబరం నూరు రూపాయలు తీసుకుని, "సామి కోసరం సీటు తిప్పినవాణ్ణి నేనేనని మా ఇంట్లో చెప్పుకుంటా. నమ్మరు" అన్నాడు.

తర్వాతి దారి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చిత్తూరులో డీజిల్ పోయించుకున్నాం. మొగిలి ఘాటులో రెండో గేరులో బండి మూలుగుతూ ఎక్కింది. మలుపు మలుపుకూ గాలి చల్లబడింది. అమ్మ కాలు చాపుకుని, ముందు రోడ్డు చూస్తూ, బెల్టు మీద చెయ్యి వేసి కూర్చుంది. గుంతల్లో ఎగిరినప్పుడల్లా "ఎగిరేసినాడు మీ నాయన" అంటోంది. మధ్యాహ్నం రెండు దాటాక పలమనేరు బస్టాండు పక్కన ఆగాం.

పిన్నమ్మ చేతిలో గరిటెతోనే బయటికొచ్చింది. "అక్కా! ఎట్లొచ్చినావు అక్కా ఈ కాలితో?"

"కూసోని వచ్చినా" అంది అమ్మ.

రాగి సంగటి, వేరుశనగ పచ్చడి ఊరిబిండి, పప్పు. ముప్పై రూపాయల భోజనం, మా దగ్గర తీసుకోలేదనుకోండి. అమ్మ ఊరిబిండి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పు జాస్తి" అంది. "మొదులుబెట్టింది సూడు!" అని పిన్నమ్మ గరిటె ఎత్తింది. అక్కాచెల్లెళ్లిద్దరూ మూడేళ్ల నవ్వు అప్పుడు నవ్వుకున్నారు.

మర్నాడు పొద్దున బయలుదేరబోతూ నేను బండి వైపు చూసి ఆగిపోయాను. ఇప్పుడు తిరుపతి వైపు పోవాలి. ముందుకు తిరిగిన సీటులో అమ్మ కాళ్లు ఇంటి దాకా కొండ వైపే ఉంటాయి. నేను నోరు తెరిచేలోపే నాయన స్పానరు పట్టుకుని బండి కిందికి దూరాడు. నాలుగు బోల్టులు విప్పి, సీటును ఎత్తి తిప్పి పెడితే అవే రంధ్రాల్లో సరిగ్గా కూర్చుంది. పది నిమిషాల పని.

దారంతా అమ్మ వెనక అద్దంలోంచి చూస్తూ వచ్చింది. గుమ్మంలో చెయ్యి ఊపుతున్న పిన్నమ్మ మలుపు దాకా కనిపించింది. దిగొచ్చిన ఘాటు మళ్లీ పైకి లేస్తూ కనిపించింది. ముందు సీటులో నాయన పక్కన కూర్చున్న నాకు ఇల్లు దగ్గరవుతూ కనిపించింది. చంద్రగిరికి ముందు కొండ రాగానే వెనకనుంచి అమ్మ అడిగింది, "వచ్చిందా?" "వచ్చింది" అన్నాను. వెనక్కి తిరక్కుండానే చేతులు జోడించింది.

అప్పట్నుంచి ఒక సంగతి ఆలోచిస్తున్నాను. కొండ వైపు కాళ్లు చాపకూడదు గనక అమ్మ ఈ బండిలో ఎప్పుడూ కొండకు వీపు పెట్టే కూర్చోవాలి. పోయేటప్పుడు ఆమెకు కనపడేది పోబోయే ఊరు. వచ్చేటప్పుడు కనపడేది వదిలొచ్చిన ఊరు. మూడేళ్లు ఇంటి గోడలు చూసిన మనిషికి ఇంటి వైపు చూడక్కర్లేని సీటు దొరికింది. అది మేము కొలిచి చేసింది కాదు. ఆమె భక్తి చేసిపెట్టింది. కొండ ఆమె వెనక ఉంటుంది, దారి ఆమె ముందుంటుంది.

మీరూ ఇంట్లోవాళ్ల కోసం పాత బండిలో సీటు చేయిస్తుంటే ఒక్క సలహా. నిలబెట్టిన బండిలో కొలతలు తీసి ఊరుకోకండి. కూర్చునే మనిషిని ఎక్కించుకుని పోయే దారిలో కొంతదూరం, వచ్చే దారిలో కొంతదూరం తిప్పండి. ఎలా కూర్చుంటారో కొలిచినంత శ్రద్ధగా, ఎటు చూస్తూ కూర్చుంటారో అడగండి. సీటుకు ముందూ వెనకా కాలు పట్టేంత చోటు వదలండి, అవే రంధ్రాల్లో ఎటైనా తిరిగేలా బోల్టులు పెట్టించండి. పదిహేడో నంబరు స్పానరు చేతికందే చోట ఉంచుకోండి. మాది అమ్మ చేతిసంచిలో ఉంటుంది.